గొలుసు నుంచి కంప్యూటర్ దాకా: మన తీరం నక్షా కథ

ఆదివారం వస్తే నెల్లూరు నుంచి మైపాడు బీచికి ఎంతమంది వస్తారో మనకు తెలుసు. కానీ ఈ ఇసుక తిన్నెలను, బకింగ్‌హామ్ కాలువను, దాని అవతలి పొలాలను కాగితం మీదికి ఎవరు, ఎలా ఎక్కించారో తెలిసినవాళ్లు తక్కువ. ఈ బడిలో చదువుకుని, ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ నేర్చి, సర్వే నక్షాలు గీస్తూనే బతికినవాణ్ని. అందుకే స్వర్ణోత్సవ సంచికకు ఆ చరిత్ర రాయడం నా వంతు అనుకున్నాను.

మన వైపు సర్వే చదువుకు మూలం మద్రాసు. మైఖేల్ టాపింగ్ చొరవతో 1794లో అక్కడ సర్వే పాఠశాల మొదలైంది. అదే పెరిగి పెద్దదై గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, అంతకుముందు నెల్లూరు, గుంటూరు ప్రాంతాల్లో ఉద్యోగం చేసినవాడే. ఊళ్ల చరిత్రలు సేకరించడంలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలవడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క గీత మీద త్రిభుజం, దాని పక్కన మరో త్రిభుజం... ఇలా దేశమంతా అల్లుకుపోయిందే గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వే.

అది దేశం కొలత. రైతు పొలం కొలత వేరు. అక్కడ రాజ్యం గొలుసుది. 66 అడుగుల గొలుసు, దానికి 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మనం ఇప్పటికీ చెప్పుకునే సెంటు అంటే వెయ్యి చదరపు లింకులన్నమాట. గొలుసు పోయినా దాని లెక్క మన నోట్లో మిగిలింది. ప్రతి సర్వే నంబరుకూ ఎఫ్.ఎం.బి.లో ఒక పేజీ. పొలం మధ్యగా ఒక గీత, దాని నుంచి హద్దు మలుపులకు లంబంగా కొలతలు. 1923 నాటి సర్వే, హద్దుల చట్టం తర్వాత హద్దురాయి పీకడం శిక్షార్హమని ఊళ్లలో అందరికీ తెలుసు.

నేను పనిలో చేరిన నాటికి ఆఫీసులో బల్ల, డ్రాఫ్టర్, ట్రేసింగ్ పేపరు, రోట్రింగ్ పెన్నులు ఉండేవి. సిరా గీత తప్పితే బ్లేడుతో మెల్లగా గీకాలి, కాగితం చిరగకూడదు. కాపీ కావాలంటే అమ్మోనియా ప్రింటు, ఆ ఘాటుకు కళ్లు మండేవి. 1982 డిసెంబరులో అమెరికాలో ఆటోక్యాడ్ మొదటి వెర్షన్ విడుదలైంది. మన జిల్లా ఆఫీసులకు అది చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చాక బ్లేడుకు పని పోయింది. రోడ్డు ఒక లేయరు, ఇళ్లు ఒక లేయరు, చెట్లు ఒక లేయరు. వద్దన్నదాన్ని ఆర్పేసి, కావలసినదాన్నే చూపించవచ్చు.

టోటల్ స్టేషన్ వచ్చాక పొలంలోంచి గీతలకు బదులు బిందువులు వస్తున్నాయి. ఒక్కో బిందువుకు నంబరు, ఉత్తరం, తూర్పు, ఎత్తు, అదేమిటో చెప్పే చిన్న కోడ్. సాఫ్ట్‌వేర్ వాటిని త్రిభుజాలుగా కలిపి, వాటి మీద కాంటూర్లు గీస్తుంది. లాంబ్టన్ కొండల మధ్య కట్టిన త్రిభుజాలనే ఇప్పుడు కంప్యూటరు గట్ల మధ్య కడుతోంది. అయితే దానికి నేల తెలియదు. బకింగ్‌హామ్ కాలువ రెండు గట్లనూ, అడుగునూ బ్రేక్‌లైన్లుగా మనం చెప్పకపోతే, ఈ గట్టు బిందువును ఆ గట్టు బిందువుతో కలిపేసి కాలువను కాగితం మీద పూడ్చేస్తుంది. నక్షా ముచ్చటగానే ఉంటుంది, నీళ్లకు మాత్రం దారి ఉండదు. అందుకే గీసేవాడు ఒకసారైనా ఆ గట్టు మీద నడిచి రావాలి.

మన ఊరికి ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటంలో మామూలుగా 20 మీటర్ల ఎత్తుకు ఒక కాంటూరు. మన తీరం అంత ఎత్తు లేదు కనుక, ఆ పటంలో మైపాడు బల్లపరుపే. కానీ తుపాను పోటు వచ్చినప్పుడు ఏ వీధి మునుగుతుందో, ఏ అరుగు మిగులుతుందో తేల్చేది అర మీటరు తేడా. 2004 డిసెంబరు 26 చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. 1991 ఫిబ్రవరి తీర నియంత్రణ నోటిఫికేషన్ తర్వాత సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టడాలపై ఆంక్షలు వచ్చాయి. ఆ గీత నక్షాలో ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి ఒక మత్స్యకారుడి ఇల్లు నిబంధన లోపలా బయటా అన్నది తేలుతుంది. గీత సన్ననిది, దాని బరువు పెద్దది.

2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలందుకునే రోవర్లు గొలుసు స్థానంలోకి వచ్చాయి. ఎఫ్.ఎం.బి. పేజీ స్థానంలో ల్యాండ్ పార్సెల్ మ్యాప్ వస్తోంది. అయినా పాత ఎఫ్.ఎం.బి.లను పారేయకండి. తగాదా వచ్చినప్పుడు హద్దు ఒకప్పుడు ఎక్కడుండేదో చెప్పే సాక్షి అదే.

చివరగా పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక విన్నపం. పాత గదులు ఎక్కడైనా మరమ్మతులకో, కూల్చివేతకో వస్తూనే ఉంటాయి. ఆ రోజు రాకముందే మన బడిని ఒకసారి పూర్తిగా కొలిచి గీసి పెట్టుకుందాం. ప్లాను, నిలువు కోతలు, కిటికీలు, అరుగులు, ఆవరణలోని చెట్లు, నేల ఎత్తులు అన్నీ. టేపు పట్టుకోవడానికి ఇప్పటి పిల్లలు రావాలి. దూలం ఎత్తు, గోడ మందం తమ చేతులతో కొలిచిన పిల్లలకు లెక్కల పాఠం వేరేగా వినిపిస్తుంది. కంప్యూటరులో గీసే పని నాది. ఒక ప్రతి బడికి, ఒకటి సంఘానికి, ఒకటి పంచాయతీకి ఇద్దాం. నూరేళ్ల పండుగ చేసుకునేవాళ్లకు ఈ బడి ఎలా ఉండేదో అంగుళాలతో సహా తెలియాలి.