తెలిసిన కథ కోసం ఎదురుచూపు

కథ ఎలా ముగుస్తుందో ముందే తెలిసినా దాని కోసం రోజులు లెక్కపెట్టుకోవడం అంటే ఏమిటో పల్నాటి వాళ్ళకి బాగా తెలుసు. 1182 ప్రాంతంలో జరిగిందని చెప్పే యుద్ధాన్ని కారంపూడిలో, నాగులేటి ఒడ్డున, ఏటా కార్తీక అమావాస్యకి మళ్ళీ మొదలుపెడతారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు... ఐదు రోజులు, ఐదు ఘట్టాలు. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో ఆచారవంతులు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన వీరుల ఆయుధాలు పట్టుకొస్తారు. వాటిని నాగులేటిలో కడిగి, పూజ చేసి, వీరుల గుడికి మోసుకెళ్తారు. ఆయుధం పట్టిన మనిషి ఆ కాసేపు తన పొలాన్నీ అప్పుల్నీ మర్చిపోయి వీరుడవుతాడు. చివరిరోజు కళ్ళిపాడులో ఆ వీరులు నేలకొరుగుతారు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ లేస్తారు.

నేను ఈ తిరునాళ్ళకి అభిమానిని. చరిత్ర చదువుకున్నదాన్ని కాబట్టి పరిశోధన కోసం వెళ్తానని అందరికీ చెబుతుంటాను గానీ అసలు సంగతి అది కాదు. దసరా వెళ్ళగానే నాకు కాళ్ళు నిలవవు. ఈ ఏడాది రాయబారం ఎలా నడుస్తుందో, వీరగాథ ఎవరు పాడతారో అని మనసు కొట్టుకుంటూ ఉంటుంది. అలరాజు రాయబారానికి వెళ్ళి ప్రాణాలతో తిరిగి రాడని తెలుసు. బాలచంద్రుడు చనిపోతాడనీ తెలుసు. అయినా వెళ్తాను.

నరసరావుపేటలో ఉన్న నా మేనకోడలికి ఇలాంటి ఎదురుచూపే ఇంకోటి ఉంది. జపాన్‌లో 1987లో మొదలైన ఫైనల్ ఫాంటసీ అనే వీడియో గేమ్ వరుసకి ఆ పిల్ల వీరాభిమాని. అందులో 1997లో వచ్చిన ఏడో ఆటలో ఏరిత్ అనే అమ్మాయిని ప్రతినాయకుడు కత్తితో పొడిచి చంపేస్తాడు. ఆడుతున్నవాళ్ళు ఎంత నేర్పరులైనా ఆ చావుని ఆపలేరు. ఆ ఆటనే మళ్ళీ మూడు భాగాలుగా తీస్తూ 2020లో మొదటిది, 2024లో రెండోది తెచ్చారు. ఈసారి ఆ చావు జరిగిందా లేదా అన్నది తేల్చీ తేల్చకుండా వదిలేశారట. "మూడో దాంట్లో తేలుతుంది అత్తా! మళ్ళీ చెప్పడం అంటే మార్చి చెప్పడం కూడా కదా" అంది మొన్న. ఆ మాట పట్టుకునే ఇదంతా రాస్తున్నాను.

ఇలా వేరొకరి పాత్రలోకి వెళ్ళి ఆడే ఆటల్ని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. వాటి పుట్టుక కూడా యుద్ధంలోనే ఉంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. అంతకుముందు బల్లమీద బొమ్మ సైనికుల్ని నిలబెట్టి మగవాళ్ళు ఆడుకునే యుద్ధాల ఆటే దానికి మూలం. సైన్యాన్ని మొత్తం నడపడం మాని ఒక్క మనిషిగా మారి ఆడటం అందులో వచ్చిన కొత్తదనం. అంటే ఎవరికి ఏ పాత్ర దక్కుతుందన్న ప్రశ్న ఆ ఆటతోనే పుట్టింది. ఫైనల్ ఫాంటసీ వరుసలో ముగ్గురు అమ్మాయిలే జట్టుగా కథ నడిపే ఆట రావడానికి 2003 దాకా పట్టింది.

మా గురజాల వీధిలో చిన్నప్పుడు మేమూ ఇదే ఆట ఆడాం. కందికట్టెలు కత్తులు. బాలచంద్రుడు, కన్నమదాసు, బ్రహ్మనాయుడు మగపిల్లల వాటా. మాంచాల పాత్రకి ఆడపిల్లలు పోటీపడేవాళ్ళు, పూలు పెట్టుకోవచ్చు కాబట్టి. నాగమ్మ ఎవరికీ అక్కర్లేదు. అందుకని నా వంతుకి వచ్చింది. తీరా ఆడటం మొదలుపెట్టాక చూస్తే మాంచాలకి ఉన్నది ఒక్క ఘట్టం. శ్యామాంగి ఇంటి నుంచి వచ్చిన మొగుణ్ణి యుద్ధానికి సాగనంపాలి, అంతే. నాగమ్మకైతే సభ ఉంది, ఎత్తుగడ ఉంది, బ్రహ్మనాయుడికి ఎదురు నిలబడి మాట్లాడే హక్కు ఉంది. ఆ ఆటలో నేను నోరారా మాట్లాడింది నాగమ్మగానే.

ఆ నాగమ్మ ఎవరు? కథ ప్రకారం జిట్టగామాలపాడు మనిషి. చిన్నప్పుడే భర్తని పోగొట్టుకుంది. మగదిక్కు లేకుండా సేద్యం చేయించి, సిరి కూడబెట్టి, గురజాలలో నలగామరాజుకి మంత్రి అయింది. రుద్రమదేవి ఓరుగల్లు సింహాసనం ఎక్కడానికి దాదాపు ఎనభై ఏళ్ళ ముందు మాట ఇది. రుద్రమ రాజు కూతురు. నాగమ్మకి అలాంటి అండ లేదు. చరిత్రకి శాసనాలు కావాలి, కథకి అక్కర్లేదు నిజమే. అయినా ఒక వితంతువు రాజ్యం నడిపిందని ఇన్ని వందల ఏళ్ళు ఒక ప్రాంతం మొత్తం నమ్మి పాడుకుంటూ ఉండటం చరిత్రే కదా.

ఆ నమ్మకమే ఆమెని నేరస్థురాల్ని కూడా చేసింది. కోడిపందెంలో ఆమె పుంజు శివంగిడేగ బ్రహ్మనాయుడి చిట్టిమల్లు మీద మాయతో గెలిచిందంటారు. ఓడిన మాచర్ల వాళ్ళు ఏడేళ్ళు అడవుల పాలయ్యారు. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి వచ్చిన అలరాజు హత్యా ఆమె ఖాతాలోనే. అన్నదమ్ముల పాలు పంచుకోలేని రాజుల తగవు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. రాజ్యాన్ని కోడిపుంజు మీద ఒడ్డినవాడికి రాని చెడ్డపేరు గెలిచినామెకి వచ్చింది. ఇవాళ్టికీ మా వైపు నలుగురిలో గట్టిగా మాట్లాడిన ఆడదాన్ని "నాయకురాలు నాగమ్మ" అని వెక్కిరిస్తారు. ఆ మాట నేను ఇంట్లోనూ విన్నాను, ఉద్యోగంలోనూ విన్నాను.

కథ వరుసలో కోడిపోరు ముందు, అలరాజు రాయబారం తర్వాత. తిరునాళ్ళలో రాయబారం రెండోరోజు, కోడిపోరు నాలుగోరోజు. ఆ మర్నాడే కళ్ళిపాడు. చూసేవాళ్ళకి కోడిపుంజుల నుంచి నేరుగా శవాల దగ్గరికి వెళ్ళినట్టుంటుంది. ఈ అమరికకి ఆచారంలో కారణాలు ఉండే ఉంటాయి. కానీ దాని ఫలితం మాత్రం నాగమ్మ మెడకే చుట్టుకుంటుందని నాకనిపిస్తుంది.

ఈ కథ ఎప్పుడూ మగవాళ్ళ నోటనే ఉందనుకుంటే పొరపాటు. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధిలో పల్నాటి వీరుల కథ పాడే దృశ్యం ఒకటుంది. అక్కడ ద్విపదలో, తాళం మోగిస్తూ పాడుతున్నది ఒక స్త్రీ! ఆమె పలికే ఒక్కో అక్షరానికీ కుర్రాళ్ళు కేకలు పెడుతూ తూలిపోతున్నారట. ఆరు వందల ఏళ్ళ కిందటి అభిమానులు వాళ్ళు. వాళ్ళ ఊపంతా ఒక ఆడమనిషి గొంతు మీద నడిచింది. ఆమె పేరు కవి చెప్పలేదు. నాగమ్మ ఘట్టం ఆమె ఎలా పాడేదో వినాలని నాకెంత కోరికో!

ఆ తర్వాత కథ గ్రంథమైంది. శ్రీనాథుడి పేర ఉన్న పల్నాటి వీరచరిత్రని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేయించారు. 1947లో, మళ్ళీ 1966లో సినిమాలూ వచ్చాయి. మొదటిదాంట్లో కన్నాంబ, రెండోదాంట్లో భానుమతి నాగమ్మలు. ప్రతినాయిక పాత్రే అయినా వాళ్ళు తెరమీదకి వస్తే చూపు పక్కకి పోదు. పాత్ర దక్కితే ఆడవాళ్ళు దాన్ని ఏం చేయగలరో చెప్పడానికి అది చాలు.

వీరాచారాన్ని నేను తక్కువ చేయడం లేదు. మాల కన్నమదాసుని కొడుకుగా, సేనానిగా నిలబెట్టిన కథ ఇది. తిరునాళ్ళలో ఇప్పటికీ చాపకూడు పెడతారు. అన్ని కులాలూ ఒకే చాపమీద కూర్చుని తినడమన్న ఊహ ఆ కాలానికి ఎంత పెద్దదో మనందరికీ తెలుసు. అంత పెద్ద ఊహ చేయగలిగిన కథని ఇంకో రెండు ప్రశ్నలు అడగడం అభిమానులకున్న హక్కు. ఆ కూడు ఎవరు వండారు? మాంచాల, శ్యామాంగి, అలరాజు చితిలో తానూ కాలిపోయిన పేరిందేవి ఆ చాపమీద ఎక్కడ కూర్చున్నారు?

2022లో పల్నాడు జిల్లా అయింది. యుద్ధం పేరు చెప్పుకుని గర్వపడటం ఇంకాస్త పెరిగింది. పౌరుషం అన్న మాట వేదికల మీద తరచుగా వినబడుతోంది. ఆ మాటలో పురుషుడు ఉన్నాడు. తెలివికీ పాలనకీ అలాంటి పొగడ్త మాట మా సీమలో ఇంకా పుట్టలేదు. ఉన్న ఒక్క పేరునీ తిట్టుగా వాడేస్తున్నాం.

ఈ కార్తీకంలోనూ బాలచంద్రుడు చనిపోతాడు, చిట్టిమల్లు ఓడిపోతుంది. ముగింపు మారాలని నేను అడగను. గెలిచిన పుంజు పేరెత్తినప్పుడు దాన్ని బరిలోకి దింపిన మంత్రి పేరు కూడా వీరుల పేర్లంత గట్టిగా పలకాలి. ఈసారి మేనకోడల్ని కూడా తీసుకెళ్తున్నాను. నాలుగోరోజు మేమిద్దరం గురజాల పక్షానే నిలబడతాం.