వెనుక బండి చరిత్ర

రెండెడ్ల బండిపై బస్తాలు వేయుట చూచినవారికి ఒక సంగతి తెలియును. బరువు ఇరుసునకు ముందు మిక్కిలి పెరిగినచో కాడి ఎద్దుల మెడలను అణచును. వెనుకకు పోయినచో కాడి పైకి లేచి పలుపులు గొంతులను బిగించును. అందుచేత అనుభవముగల బండివాడు కొంచెము ముందు మొగ్గు ఉండునట్లు బస్తాలు సర్దును. మేము చెప్పబోవు కథ అమెరికా దేశమునదే అయినను, దాని కీలకమంతయు ఈ మొగ్గులోనే యున్నది.

డెట్రాయిట్ నగరమున ఆగస్ట్ ఫ్రూహాఫ్ అను కమ్మరి యుండెను. గుఱ్ఱములకు లాడములు కొట్టుట, బండ్లు చేయుట ఆయన వృత్తి. 1914లో సిబ్లీ అను కలప వర్తకుడు తన పడవను మిషిగన్ ఉత్తర భాగపు సరస్సునకు చేర్చదలచి, ఫోర్డు మోడల్ టి కారునకు తగిలించు బండి యొకటి కావలెనని యడిగెను. ఆ కారు యంత్రము 20 అశ్వశక్తులది మాత్రమే. మోయలేని బరువును సైతము లాగవచ్చుననుట ఎద్దుల నెఱిగిన మనకు వింత కాదు. ఫ్రూహాఫ్ రెండు చక్రముల బండి చేసి, దాని ముందు కొనను కారుపై ఆనించెను. పని నెరవేరెను. సిబ్లీ తన కలప అడితికి అట్టి బండ్లు మరికొన్ని చేయించుకొనెను. 1918 నాటికి ఆ కమ్మరి కొలిమి ఒక కంపెనీ యయ్యెను.

లాగుట ఇట్లు సులభమయ్యెను గాని, ఆపుట మాటేమి? ఈ చిక్కును రైళ్లు అంతకు ముందే ఎదుర్కొన్నవి. జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో తెచ్చిన తొలి గాలిబ్రేకులో, గొట్టము తెగినచో బ్రేకే యుండెడిది కాదు. 1872లో ఆయన పద్ధతిని తలక్రిందులు చేసెను: గాలి పోయినచో బ్రేకు దానంతట అదే పడును. తెగిపోయిన వస్తువే ప్రాణము కాపాడవలెనను ఈ ఆలోచన మాకు యంత్రచరిత్రలోని మేలిమి ఘట్టములలో నొకటిగా తోచును.

1925లో ఫోర్డు కంపెనీ తన కర్మాగారముననే పికప్ బండిని తయారు చేసి అమ్మసాగెను. అటుపిమ్మట రైతులు, వడ్రంగులు, విహారయాత్రికులు కూడ వెనుక బండ్లు తగిలించిరి. ప్రమాదమంతయు బండివాని పాతలెక్క మరచుటలో నున్నది. వెనుక బండి మొత్తము బరువులో నూటికి 10 నుండి 15 పాళ్లు కొక్కెముపై పడవలెను. 2000 కిలోల బండికి 200 నుండి 300 కిలోలన్నమాట. ఈ భారమును పికప్ మోయగల బరువులో కలిపి లెక్కింపవలెను. అంతకు తగ్గి, సరుకు వెనుకకు చేరినచో వేగమున బండి పాము తోకవలె ఊగును. మొగ్గు మితి మీరినను కీడే. చెఱకు నింపిన బండితో గట్టు ఎక్కునపుడు మన ట్రాక్టరుల ముందు చక్రములు గాలిలోనికి లేచుట చూడలేదా!

ఊపు మొదలైనప్పుడు పికప్ బ్రేకు గట్టిగా త్రొక్కుట సహజమే గాని తగదు. చుక్కాని నిలకడగా పట్టి, వేగమిచ్చు మీటపై కాలు తీసి, వీలున్నచో వెనుక బండి బ్రేకును మాత్రమే చేతితో వేయవలెను. కొక్కెము ఊడినచో కొన నేలను పొడువకుండ రెండు గొలుసులను దాని క్రింద కత్తెరవలె అడ్డముగా తగిలింతురు.

వెస్టింగ్‌హౌస్ సూత్రము ఇక్కడను చేరినది. వెనుక బండిపై చిన్న బ్యాటరీ, ఒక మేకు, దానికి సన్నని తీగ యుండును. బండి విడిపోయినచో తీగ మేకును లాగును, బ్రేకు పడును. కొందఱు ఆ తీగను కొక్కెమునకే చుట్టి పోవుదురు. కొక్కెమే ఊడి వెనుక బండితో పోయిననాడు ఆ తీగను లాగువారుండరు. దానిని పికప్ చట్రమునకే కట్టవలెను.