చిరునామాలో ఒక ప్రధాన సంఖ్య

డిసెంబర్ 22 శ్రీనివాస రామానుజన్ పుట్టినరోజు, మనకు జాతీయ గణిత దినోత్సవం. ఆ రోజు బడిలో పెద్ద సంఖ్యల ముచ్చట వస్తే చేవెళ్ల, మొయినాబాద్ పిల్లలు దూరం వెతకనక్కర్లేదు. ఇంటి చిరునామా చివర్లోనే వాళ్లకు రెండు మంచి సంఖ్యలున్నాయి. సంఖ్యలను కారణాంకాలుగా విడదీసి చూసే విద్య తెలుగువారికి వెయ్యేళ్ల నాటిది.

9వ శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని ఏలుబడిలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో ‘గణితసార సంగ్రహం’ రాశాడు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో తొలి శాస్త్రగ్రంథాల్లో అదొకటి.

మహావీరుడి గుణకారాలంటే నాకు ప్రాణం. కొన్ని లబ్ధాలను ఆయన ఏకంగా రాజుల కంఠాభరణాలన్నాడు. 152207ని 73తో గుణించమంటాడు. కాగితం తీసుకుని చేయండి: 11111111. ఎనిమిది ఒకట్లు! 152207 అంటే 1111 × 137. ఆ 137ని 73తో గుణిస్తే 10001. దాన్ని 1111తో గుణిస్తే నాలుగు ఒకట్ల పక్కన మరో నాలుగు వచ్చి కూర్చుంటాయి. ఇంకొకటి: 27994681 × 441 = 12345654321. ఎటు నుంచి చదివినా ఒకటే. మొదటిది 5291కి వర్గం, రెండోది 21కి వర్గం. 5291 × 21 చేస్తే 111111. కారణాంకాలు తెలిసినవాడే ఇంత సొగసైన లెక్క కట్టగలడు.

తర్వాతి శతాబ్దాల్లో పల్లె లెక్కలు శిస్తులు, కొలతల చుట్టూ తిరిగాయి. కరణాలు, పట్వారీలు వాటిని మోశారు.

ఆ తర్వాత ఊళ్లకు మరో రకం సంఖ్య వచ్చింది: 1972 ఆగస్టు 15న తపాలా శాఖ ఆరంకెల పిన్‌కోడ్ తెచ్చింది. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వెలంకర్ సంస్కృత కవి కూడా. అలా చేవెళ్లకు 501503, మొయినాబాద్‌కు 501504 వచ్చాయి. పక్కపక్క సంఖ్యలే, స్వభావాలు మాత్రం వేరు. 501504ను రెండుతో ఎనిమిది సార్లు భాగించవచ్చు. చివరికి 1959, అంటే 3 × 653 మిగులుతుంది. 501503 మాత్రం దేనికీ లొంగదు. 7, 11, 13లలో దేంతో భాగించినా శేషం 2. ఎందుకంటే దానికి రెండు తక్కువైన 501501 అంటే 501 × 1001. ఆ 1001 ఈ మూడింటి లబ్ధం. 708 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూశాను, ఒక్కటీ నిశ్శేషంగా పోలేదు. దాని వర్గమూలం 709 లోపే కాబట్టి అంతకు మించి వెతకనక్కర్లేదు. చేవెళ్ల పిన్‌కోడ్ ప్రధాన సంఖ్య.

2025లో తపాలా శాఖదే మరో చిరునామా కోడ్, డిజిపిన్ వచ్చింది. అందులో అంకెలతో పాటు అక్షరాలూ ఉంటాయి. పార్సిళ్ల దారి ఫోనే చూపిస్తోంది. పిన్‌కోడ్‌ను నోటికి చెప్పే అలవాటు తగ్గుతోంది.

చేవెళ్ల, మొయినాబాద్ ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. ఈ డిసెంబర్ 22న మల్లన పేరు చెప్పి, ఈ రెండు సంఖ్యలనూ నల్లబల్ల మీద రాయండి. భాగించే పని పిల్లలకే వదిలేయండి.