రబ్బరు తోటల ఆడపిల్లలు తుపాకీ పట్టిన రోజులు

జనవరి 23 వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక నలుపు తెలుపు ఫోటో తిరుగుతుంది. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీలు, వరసగా నిలబడ్డ ఆడపిల్లలు. వాళ్ళ ముందు నేతాజీ, పక్కనే కెప్టెన్ లక్ష్మి. ఒక దండం బొమ్మ పెట్టేసి మన పనిలో మనం పడిపోతాం. ఈసారి నాకు మాత్రం ఆ వెనక వరసలోని పిల్లల మీదే మనసు నిలిచిపోయింది. ఎవరింటి పిల్లలు వీళ్ళు? ఇంట్లో ఎలా ఒప్పుకున్నారు? ఏం తిన్నారు? ఇల్లు నడిపేవాళ్ళకి ముందు ఇవే అనుమానాలు వస్తాయి కదా. యుద్ధం సంగతి తర్వాత.

ఇదంతా మన గడ్డ మీద జరగలేదు. సింగపూర్‌లో జరిగింది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ ఇంగ్లీషువాళ్ళ చేతిలోంచి జపాన్ చేతికి పోయింది. మరుసటి ఏడాది జూలైలో నేతాజీ అక్కడికి వచ్చి ఆజాద్ హింద్ ఫౌజ్ పగ్గాలు తీసుకున్నారు. వచ్చిన కొద్ది రోజులకే ఆడవాళ్ళతో ఒక దళం కావాలన్నారు. నర్సుల దళం కాదు, తుపాకీ పట్టే దళం. అప్పటికి లక్ష్మీ స్వామినాథన్ సింగపూర్‌లో డాక్టరు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1940లో అక్కడికి వెళ్ళి ప్రాక్టీసు పెట్టుకున్నారు. ఆవిడ ఇల్లిల్లూ తిరిగి ఇరవై మంది ఆడవాళ్ళను పోగేశారు. జూలై 12న జరిగిన మహిళల సభలో వాళ్ళు నేతాజీకి సైనిక వందనం చేశారు, చీరల్లోనే! చేతుల్లో ఉన్నవి .303 రైఫిళ్ళు, ఒక్కోటి దాదాపు నాలుగు కిలోలు. నాలుగు కిలోల బియ్యం సంచీని కదలకుండా నిటారుగా పట్టుకుని కాసేపు నిలబడి చూడండి, అదీ పైట జారకుండా. ఆ ఇరవై మందిలో చాలామంది జన్మలో తుపాకీ ముట్టుకుని ఉండరు.

ఇక ఇంట్లో ఒప్పించడం. జానకి తేవర్ అని మలయాలో బాగా కలిగిన తమిళ కుటుంబంలో పుట్టిన పిల్ల. నేతాజీ ప్రసంగం విని, చెవులకున్న బంగారు దుద్దులు అక్కడికక్కడే తీసి ఇచ్చేసింది. దుద్దుల సంగతి ఎలాగో సర్దుకోవచ్చు, కానీ దళంలో చేరతాననేసరికి ఇంట్లో గొడవ మొదలైంది. నాన్న ససేమిరా అన్నాడు. ఆ నాన్న మీద నాకు కోపం రాలేదు. మా అమ్మాయిని పది రోజుల ఎన్.సి.సి. క్యాంపుకి పంపడానికే నేను ఆవకాయ సీసాతో సహా ఊరంతా సర్దాను. మా వారైతే మూడుసార్లు ఫోను నంబర్లు రాసుకున్నారు. అదీ బాంబులు పడని రోజుల్లో. ఆ నాన్నని బతిమాలి బతిమాలి చివరికి ఒప్పించిందట జానకి.

1943 అక్టోబరు 21న ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పడింది. మరుసటి రోజు సింగపూర్‌లో ఝాన్సీ రాణి రెజిమెంట్ శిబిరం తెరిచారు. మొదటి విడతలో నూట డెబ్భై మంది దాకా ఉన్నారు. చదువును బట్టి కొందరికి చిన్న హోదాలు ఇచ్చారు, మిగిలినవాళ్ళు సిపాయిలు. పొద్దున్నే లేచి కసరత్తు, కవాతు. తర్వాత రైఫిల్, చేతి గ్రెనేడు, బాయ్‌నెట్ పట్టుకుని దూసుకుపోవడం. వీపున మూటతో మైళ్ళ కొద్దీ నడక. ఆజ్ఞలు హిందుస్తానీలో. తమిళం తప్ప మరో ముక్క రాని పిల్లలు బోలెడంతమంది, కాబట్టి అక్కడే భాష కూడా నేర్పారు. చీర పోయి ప్యాంటూ చొక్కా వచ్చాయి. జడ కత్తిరించుకున్నవాళ్ళూ ఉన్నారు. జడ కత్తిరించడం అంటే ఆ రోజుల్లో మనవాళ్ళ ఇళ్ళల్లో దేనికి గుర్తో వేరే చెప్పక్కర్లేదు.

అందరికీ ఆ కష్టం ఒకలాగే అనిపించి ఉంటుందా అని ఆలోచించాను. జానకికి మొదట్లో ఆ తిండి, ఆ మోటు జీవితం మింగుడు పడలేదు. సుఖంగా పెరిగిన పిల్ల మరి. కానీ ఆ దళంలో ఎక్కువమంది రబ్బరు ఎస్టేట్ల కూలీ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు, చాలామంది ఇంకా ఇరవై కూడా నిండనివాళ్ళు. రబ్బరు చెట్టుకి గాటు పెట్టేది తెల్లవారుజామునే, చల్లగా ఉన్నప్పుడే పాలు బాగా కారతాయి. అలాంటి పిల్లకి పొద్దున్నే లేపే ఈల కొత్తా? జపాన్ వచ్చాక మలయాలో బియ్యం కరువై జనం కర్రపెండలం తిని బతికారు. ఎస్టేట్ల నుంచి మగవాళ్ళను వేల సంఖ్యలో సయాం-బర్మా రైలు దారి పనికి తోలుకెళ్ళారు. వాళ్ళలో ఎంతోమంది తిరిగి రాలేదు. ఆ కూలీల్లో ఎక్కువమంది తమిళులే గానీ, మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. అలాంటి లైన్ల నుంచి వచ్చిన పిల్లకి వేళకి తిండి, కాళ్ళకి బూట్లు, పేరు పెట్టి పిలిచే ఒక అక్క దొరికాయంటే, అది త్యాగమో ఆసరాయో ఎలా విడదీస్తాం? నాకైతే రెండూ అనిపిస్తుంది. తండ్రులను రైలు దారికి తోలింది జపానే, కూతుళ్ళు చేరిన ఫౌజుకి స్నేహితుడూ జపానే. ఈ ముడి ఆ వాట్సాప్ ఫోటో కింద ఎవరూ రాయరు.

వీళ్ళలో చాలామంది భారతదేశం అంటే ఎలా ఉంటుందో కళ్ళతో చూడనే లేదు. అమ్మ చెబితే విన్న ఊరి కోసం గురి చూడడం నేర్చుకున్నారు.

1944 మార్చి 30న సింగపూర్‌లో శిక్షణ ముగింపు కవాతు జరిగింది. రెండు వందల మంది దాకా నర్సింగ్‌కి వెళ్ళారు, దానికి చాంద్ బీబీ పేరు పెట్టారు. దళంలో కొందరిని బర్మాకి పంపారు, మన పెద్దవాళ్ళు ‘రంగం’ అనే రంగూన్‌కి. గోదావరి, శ్రీకాకుళం వైపు ఇళ్ళల్లో రంగం కబుర్లు వినని వాళ్ళు తక్కువ. 1942లో బాంబులకు భయపడి మన జనం అడవుల గుండా కాలినడకన ఇటు వచ్చారు. రెండేళ్ళ తర్వాత ఈ పిల్లలు అదే బర్మాకి ఎదురెళ్ళారు.

అయితే ఆ బాయ్‌నెట్ వాడే అవకాశమే రాలేదు. మేమ్యో దాకా వెళ్ళి ఎదురుచూశారు. ఈలోపు ఇంఫాల్‌లో ఫౌజు ఓడిపోయింది. మలేరియాతో, విరేచనాలతో, గాయాలతో వెనక్కి వస్తున్న సైనికులకు సేవ చేయడమే వీళ్ళ యుద్ధమైంది. పోరాడతామని వచ్చిన పిల్లలకి చివరికి పడకల దగ్గర పనే పడింది. వాళ్ళెంత ఉడికిపోయి ఉంటారో మనకి తెలియనిదా!

నేర్చుకున్నదాంట్లో అక్కరకొచ్చింది ఆ నడకే. 1945 ఏప్రిల్ చివర రంగూన్ వదిలి బ్యాంకాక్ వైపు బయల్దేరారు. పగలు విమానాలకు కనబడకుండా చెట్ల చాటున దాక్కోవడం, రాత్రిళ్ళు నడవడం. దారిలో సిట్టాంగ్ నది దాటాలి. కొంత దూరం లారీల మీద, మిగతాది కాళ్ళ మీదే. నేతాజీ కూడా వాళ్ళతోపాటు నడిచారు. లక్ష్మి బర్మాలోనే ఉండిపోయి ఇంగ్లీషువాళ్ళకు చిక్కారు. దుద్దులు తీసిచ్చిన జానకి అప్పటికి రెజిమెంట్‌లో రెండో స్థానంలో ఉంది, ఆ తిండికి ఏడ్చిన పిల్లే!

తర్వాత లక్ష్మి కాన్పూర్‌లో పురుళ్ళు పోస్తూ దశాబ్దాలు గడిపారు, 2002లో రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. జానకి మలేసియాలో సెనేటర్ అయ్యారు, మన ప్రభుత్వం 2000లో పద్మశ్రీ ఇచ్చింది. పదహారేళ్ళకే చేరిన రసమ్మ అనే ఇంకో అమ్మాయి టీచరై, ఆడ టీచర్లకు మగవాళ్ళతో సమానంగా జీతం ఇవ్వాలని యూనియన్ పెట్టి కొట్లాడారు. ఈ ముగ్గురి గురించి చదవడానికి బోలెడు దొరుకుతుంది. ఎస్టేట్ నుంచి వచ్చిన పిల్లలు యుద్ధం అయ్యాక బూట్లు విప్పి, చాలామంది మళ్ళీ ఆ తోటలకే వెళ్ళారు. తెల్లవారుజామున, అవే చెట్ల దగ్గరికి.