స్కీ కొండ మీద నీళ్ళు, పోరిరువాలో పరీక్ష

కడుపు బాగోలేదని ఫోన్ చేసి సెలవు అడగాలంటే మనలో చాలామందికి మొహమాటం. రాత్రి తిన్నది పడలేదనో, వేడి చేసిందనో అనుకుని, ఓ గ్లాసు మజ్జిగ తాగి షిఫ్టుకి బయలుదేరిపోతాం. మనం వెళ్ళేది ఎక్కడికి? రెస్టారెంటు వంటగదికి, వృద్ధాశ్రమానికి, పండ్లు ప్యాక్ చేసే షెడ్డుకి. ఈ వాంతులు, విరేచనాల జబ్బు మీద న్యూజిలాండ్‌లో జరిగిన పరిశోధన గురించి చదివాక మాకు ఆ మజ్జిగ గ్లాసు మీద కాస్త అనుమానం పుట్టింది.

కథ అమెరికాలో మొదలైంది. 1968లో ఒహాయో రాష్ట్రంలోని నార్వాక్ ఊళ్ళో ఒక ప్రాథమిక పాఠశాలలో సగం మంది వాంతులతో పడకేశారు. ఎంత వెతికినా బాక్టీరియా దొరకలేదు. నాలుగేళ్ళ తర్వాత, 1972లో, ఆల్బర్ట్ కపికియన్ అనే శాస్త్రవేత్త ఆ నమూనాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి వైరస్‌ను చూశారు. కోలుకున్న రోగి రక్తంలోని యాంటీబాడీలను కలిపితే చిన్న కణాలు గుంపుగా అతుక్కుని కనబడ్డాయి. నోరోవైరస్ అన్న పేరు ఆ ఊరి పేరు మీదే వచ్చింది. అయితే దీన్ని ప్రయోగశాలలో పెంచడం 2016 దాకా ఎవరి వల్లా కాలేదు. 1990లో దాని జన్యు పదార్థం చేతికి చిక్కాకే పీసీఆర్ పరీక్షకు దారి తెరుచుకుంది.

వెల్లింగ్టన్ పక్కన పోరిరువాలో, ఈఎస్ఆర్ సంస్థకు చెందిన కెనెపురు సైన్స్ సెంటర్‌లో, గెయిల్ గ్రీనింగ్, జోన్ హెవిట్ బృందం ఆ పరీక్షను నీళ్ళ మీదకు తెచ్చింది. 2006 జులైలో దక్షిణ దీవిలోని ఒక స్కీ రిసార్టులో అటు సందర్శకులకూ, ఇటు సిబ్బందికీ ఒకేసారి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వంట మీద అనుమానం రావడం సహజం. వంటవాడి మీద నింద పడడానికి ఎంతసేపు! ఈ బృందం మాత్రం తాగే నీళ్ళు, ఆ నీళ్ళు వచ్చే వాగు, రోగుల మల నమూనాలు అన్నీ తెప్పించుకుంది. నీళ్ళలో వైరస్ చాలా పల్చగా ఉంటుంది కాబట్టి ముందు సన్నని వడపోతతో నీటిని చిక్కబరిచి, ఆ తర్వాత పీసీఆర్ చేసింది. జీఐ/5 అనే రకం బయటపడింది. లోకంలో ఎక్కువగా తిరిగేది జీఐఐ/4 రకం కాబట్టి ఇది వేలిముద్ర లాంటిదే. నీళ్ళలోనూ, రోగుల్లోనూ అదే ముద్ర! మనుషుల మురుగు తాగునీటిలో కలిసిందని తేలింది. నీటి శుద్ధి ఏర్పాటు చేశాక జబ్బు ఆగింది. 2007లో ఈ వివరాలు ఒక అంతర్జాతీయ పత్రికలో వచ్చాయి.

అంతకుముందు, 2001లో, బే ఆఫ్ ఐలండ్స్‌లోని వైకరే ఇన్‌లెట్ ఆయిస్టర్ క్షేత్రాలు మూతపడ్డదీ ఇదే వైరస్ వల్లే. అక్కడా మురుగే కారణం.

పసిపిల్లలను పీడించే రోటావైరస్‌ది వేరే కథ. 1973లో మన పొరుగునే, మెల్‌బోర్న్‌లో, రూత్ బిషప్ బృందం దాన్ని గుర్తించింది. న్యూజిలాండ్‌లో 2014 జులై నుంచి పసిపిల్లలకు ఈ టీకా ఉచితంగా ఇస్తున్నారు. మన హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ 2016లో భారత ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో చేరింది. మొదట వేసిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇది చెప్పుకోవడానికి మాకు గర్వంగానే ఉంది.

నోరోవైరస్‌కు మాత్రం అలాంటి టీకా ఇంకా రాలేదు. కొద్ది కణాలు కడుపులోకి పోయినా చాలు, అంటుకుంటుంది. ఈ దేశంలో అది తరచుగా విజృంభించేది వృద్ధాశ్రమాల్లోనే. చేతికి రాసుకునే శానిటైజర్ కంటే సబ్బూ నీళ్ళే దీనికి మేలు. వంట పనివాళ్ళు, ఆయాలు వాంతులు, విరేచనాలు పూర్తిగా ఆగాక ఇంకో 48 గంటలు పనికి దూరంగా ఉండాలి. ఆ రెండు రోజుల జీతం ఎవరిస్తారన్నదే అసలు చిక్కు. 2003 నాటి సెలవుల చట్టం ఆరు నెలలు పనిచేసినవాళ్ళకే ఏడాదికి 5 రోజుల సిక్ లీవ్ ఇచ్చింది. 2021 జులైలో 5 కాస్తా 10 అయింది కానీ, ఆరు నెలల నిబంధన అలాగే ఉంచారు. నిన్నగాక మొన్న విమానం దిగి వంటగదిలో చేరిన కుర్రాడు కడుపు పట్టుకునే షిఫ్టుకి పోయింది ఆ ఆరు నెలల్లోనే.