ముప్పై గొర్రెల దాకానే

పశువు చస్తే సర్కారు ఊరికే డబ్బిస్తుందన్న మాట తాతల కాలంలో లేదు. ఇచ్చేది అప్పే. 1884లో బ్రిటిష్ ఇండియాలో వచ్చిన రైతు రుణాల చట్టం విత్తనాలకూ ఎడ్లకూ తక్కావి అనే సర్కారీ అప్పు ఇచ్చింది. నిజాం ఇలాకాలోనూ అదే మాట, అదే పద్ధతి. ఎద్దు పోయినా బాకీ మిగిలేది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమంది మనుషులతో పాటు లెక్కలేనన్ని పశువులను మింగింది. అప్పుడూ చేతికందిన సాయమే తప్ప, దేశమంతటికీ స్థిరమైన నిధి లేదు. విపత్తు సహాయ నిధి 1990లో వచ్చింది. 2005 విపత్తు నిర్వహణ చట్టం తర్వాత, 2010 నుంచి అది రాష్ట్ర విపత్తు స్పందన నిధి అయింది.

హైదరాబాద్ విమానాశ్రయం పక్కనున్న మంఖాల్‌ ఊళ్లో గేదె వరదకు కొట్టుకుపోయినా ఇప్పుడు లెక్క ఆ నిధి నిబంధనలదే. 2022లో కేంద్రం పెట్టిన ధరలు: పాడిగేదెకు రూ.37,500, ఎద్దుకు రూ.32,000, దూడకు రూ.20,000, గొర్రెకు రూ.4,000.

అసలు మెలిక పరిమితిలో ఉంది. ఇంటికి మూడు పాడిపశువులు, లేదంటే 30 గొర్రెలు. వంద గొర్రెల మంద వాగులో పోతే డెబ్బై గొర్రెలకు పైసా రాదు. గొల్లకురుమల మంద సైజు తెలిసినవాళ్లు రాసిన నిబంధనలా ఇది లేదు. పిడుగు సంగతి మరీ చిత్రం: 2022 నిబంధనల్లో కేంద్రం జాబితాలో దానికి చోటు దక్కలేదు, రాష్ట్రాలే నిధిలో 10 శాతం లోపు సర్దుకోవాలన్నారు.

2024 సెప్టెంబరులో ఖమ్మం వరదల తర్వాత తెలంగాణ ప్రభుత్వం పాడిపశువుకు రూ.50,000, గొర్రెకు, మేకకు రూ.5,000 ప్రకటించింది.