పాత గోవాలోని అగస్టీన్ మఠం

పాత గోవాలో పవిత్రగిరి అనే చిన్న గుట్ట ఒకటి ఉన్నది. దాని శిఖరాన ఎర్రరాతి గోపురం ఒకటి సగం విరిగి ఒంటరిగా నిలిచి కనిపిస్తుంది. ఒకనాడు ఆసియాఖండంలో పేరుమోసిన కాథలిక్కు మఠానికి మిగిలిన గురుతు అదే.

1510లో ఆల్బుకర్కు బిజాపురపు ఆదిల్‌షాహీల నుండి గోవాను గెలుచుకొన్నాడు. 1530లో ఆ నగరం ప్రాచ్యదేశాలలోని పోర్చుగీసు అధికారానికంతకూ రాజధాని అయినది. నౌకల వెంట వర్తకులూ సైనికులూ వచ్చినట్లే సన్న్యాసులూ వచ్చారు. అగస్టీన్ సంప్రదాయపు సన్న్యాసులు 1572లో గోవా చేరి ఈ గుట్టపై మఠం నెలకొల్పుకొన్నారు. కరుణామాత పేర వారు కట్టిన దేవాలయం 1602లో పూర్తయినది. ఎర్రని లాటరైట్ రాయి తో కట్టి, నీలివర్ణపు పింగాణీ పలకలతో లోగోడలను అలంకరించారు. గంటలు వ్రేలాడగట్టిన గోపురం 46 మీటర్ల ఎత్తు.

ఈ మఠ చరిత్రలో ఒక దుఃఖగాథ కలిసి ఉన్నది. జార్జియా దేశంలోని కఖేటి రాజ్యపు రాణి కెతెవాన్‌ను పారశీక చక్రవర్తి షా అబ్బాసు షిరాజు నగరంలో ఏళ్ల తరబడి నిర్బంధించాడు. మతం మార్చుకొనడానికి ఆమె అంగీకరించలేదు. 1624లో ఆమెను చిత్రహింసలు పెట్టి చంపించాడు. షిరాజులో ఉన్న అగస్టీన్ సన్న్యాసులు ఆమె అస్థికలను రహస్యంగా సేకరించారు. వాటిలో కొంతభాగం 1627లో గోవా చేరినది. మఠంలో ఒక గవాక్షం చెంత, రాతిపేటికలో వాటిని భద్రపరచినట్లు పోర్చుగీసు వ్రాతలు చెప్పుతున్నాయి.

కాలక్రమాన మహమ్మారి రోగాలకు నగరం పాడుపడసాగినది. మఠానికి అసలు దెబ్బ మాత్రం ప్రభుత్వ శాసనం వల్ల తగిలినది. పోర్చుగల్ దేశం సన్న్యాసి సంఘాలను రద్దు చేయగా, 1835లో గోవాలోని మఠాలు మూతపడ్డాయి. కాపాడేవారు లేని కట్టడానికి వానలే శత్రువులైనవి. 1842లో దేవాలయపు కప్పు కూలినది. 1931లో ముఖభాగమూ, గోపురంలో సగమూ నేలకొరిగాయి. 1938లో మరికొంత పడిపోయినది. రాణి అస్థికలు ఆ శిథిలాలక్రింద ఎక్కడున్నవో తెలియకుండా పోయినది.

వాటిని వెదకే పని భారత పురావస్తుశాఖ చేపట్టినది. పాతవ్రాతలలోని గుర్తులను పట్టుకొని ఏళ్ల తరబడి త్రవ్వగా, ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కొన్ని ఎముకలు దొరికినవి. అవి రాణివేనా? ఈ ప్రశ్నకు సమాధానం మన హైదరాబాదులో లభించినది. అక్కడి కణ, అణుజీవశాస్త్ర కేంద్రంలో శాస్త్రజ్ఞులు ఎముకలలోని డి.ఎన్.ఏ.ను పరీక్షించి, 2014లో తమ ఫలితాలను ప్రచురించారు. ఒక ఎముకలో తల్లివైపు వంశపరంపరగా వచ్చే యు1బి అనే లక్షణం కనిపించినది. భారత ఉపఖండానికి చెందిన 22,000 మందికి పైగా నమూనాలలో ఆ లక్షణం ఒక్కరికీ లేదు. పరీక్షించిన 30 మంది జార్జియనులలో ఇద్దరికి ఉన్నది. కనుక అది రాణి ఎముకే కావచ్చునని వారు నిర్ణయించారు. తక్కిన రెండు ఎముకలలో భారతీయులలో సాధారణంగా కనిపించే లక్షణాలే ఉన్నవి. అవి ఎవరివో, ఏ మఠవాసివో!

2021 జూలైలో భారత ప్రభుత్వం ఆ పవిత్రావశేషంలో ఒక భాగాన్ని జార్జియాకు కానుకగా అందజేసినది. అక్కడి ప్రజలు ఆమెను పుణ్యవతిగా కొలుస్తారు. నాలుగు వందల ఏళ్ల క్రితం స్వదేశం విడిచిన రాణి ఆ విధంగా తన ప్రజలను చేరుకొన్నది.

పాత గోవాలోని దేవాలయాలూ మఠాలూ 1986లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందాయి. విరిగిన గోపురంలో ఇప్పుడు గంట లేదు. అది పోగా మిగిలిన పెద్దగంటను 1871లో పణజిలోని నిష్కళంకమాత దేవాలయానికి చేర్చారు. మఠం మూగబోయినా, దాని గంట మాత్రం ఇంకా అక్కడ పలుకుతున్నది.